ట్వీడ్ కోటు వద్దు, అమ్మమ్మ చీర చాలు

ఈ చలికాలం అల్ ఐన్‌లో తెలుగువాళ్ళం అందరం కలిసి, పాతకాలపు బట్టలు కట్టుకుని, సైకిళ్ళ మీద ఖర్జూరం తోటల్లో తిరుగుదాం అని ఒక ఆలోచన నడుస్తోంది. నేను దానికి అనుకూలం. గట్టిగా అనుకూలం. కానీ ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతున్న ప్లాన్‌కి మాత్రం కాదు. అందులో "ట్వీడ్" అని రాశారు. "విలేజ్ థీమ్" అని రాశారు. రెండూ నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తాను. కుర్రవాళ్ళు "ఆంటీ, ఇంత సీరియస్‌గా తీసుకుంటారేంటి" అంటారు. తీసుకుంటాను. బట్ట సీరియస్ విషయమే.

ముందు ట్వీడ్ సంగతి. ట్వీడ్ అంటే గొర్రె ఉన్నితో నేసిన గరుకు బట్ట. స్కాట్లాండ్ చలికీ వానకీ పుట్టిన బట్ట. 2009 జనవరిలో లండన్‌లో కొంతమంది ఈ బట్టలు వేసుకుని, పాత సైకిళ్ళు తీసుకుని ఊరు చుట్టి వచ్చారు. దాని పేరు ట్వీడ్ రన్. అది రేసు కాదు. నెమ్మదిగా తొక్కుతారు, మధ్యలో ఆగి టీ తాగుతారు, బాగా పెంచిన మీసానికి బహుమతి ఇస్తారు. తర్వాత అది ఎన్నో ఊళ్ళకు పాకింది, జపాన్‌లో కూడా చేస్తున్నారు. ఇటలీలో అంతకు ముందే, 1997లో, టస్కనీలోని గయోలే అనే చిన్న ఊళ్ళో ఎరోయికా మొదలైంది. దానికి 1987కి ముందు తయారైన సైకిలు కావాలి. ఉన్ని జెర్సీ కావాలి. తెల్ల మట్టిరోడ్ల మీద తొక్కాలి.

ఇవి చూసి మనవాళ్ళకు ముచ్చట వేసింది. వెయ్యాల్సిందే. కానీ ఒక విషయం గమనించండి. ఇంగ్లండ్‌లో సైకిలు కొత్తగా వచ్చిన రోజుల్లో, అంటే 1880లలో, సైకిలు తొక్కేవాళ్ళు నిజంగానే ట్వీడ్ వేసుకునేవాళ్ళు. 1878లో పెట్టిన అక్కడి సైకిలు సంఘానికి బూడిదరంగు ట్వీడ్ యూనిఫాం ఉండేది. అంటే లండన్‌వాళ్ళు వేసుకునేది వేషం కాదు. వాళ్ళ ముత్తాతలు సైకిలు తొక్కిన బట్ట. మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఈ ఆలోచన. కోటు కాదు. డిసెంబరులో కూడా ఇక్కడ మధ్యాహ్నం 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. ట్వీడ్ కోటులో తోట చుట్టి వస్తే, మొదటి టీ దగ్గరే సగం మంది కోట్లు విప్పి కారియర్‌కి కట్టేస్తారు.

మన ముత్తాతలు ఏం కట్టుకుని సైకిలు తొక్కారు? పంచె. పైన లాల్చీ, లేకపోతే చొక్కా. ఆఫీసు గుమాస్తా అయితే పంచె మీద కోటు. ఇక్కడ ఒక తమాషా ఉంది. మంచి సన్నని పంచెను మన పెద్దవాళ్ళు "గ్లాస్కో పంచె" అనేవాళ్ళు. ఆ మాటలో దాక్కున్న ఊరు గ్లాస్గో. స్కాట్లాండ్‌లో ఉన్న గ్లాస్గో! కాబట్టి స్కాట్లాండ్‌ని తలుచుకోవాలని అంత కోరికగా ఉంటే మన పంచెలోనే ఆ పని అయిపోతుంది. కోటు కొనక్కర్లేదు.

ఇప్పుడు మన బ్లాగులో ఎప్పుడూ వచ్చే గొడవ. "వింటేజ్"ని తెలుగులో ఏమనాలి? నేను చాలా రోజులు వెతికాను. "పాత" అంటే సరిపోదు. తెలుగులో "పాత బట్టలు" అనగానే గుర్తొచ్చేది స్టీలు సామాన్ల ఆవిడ. వీధిలోకి వచ్చి కేక వేస్తే, మా అమ్మ నాలుగు పాత చీరలూ రెండు ప్యాంట్లూ ఇచ్చి, అరగంట బేరం ఆడి, ఒక గిన్నె తీసుకునేది. కాబట్టి "పాత బట్టల సైకిలు యాత్ర" అని పోస్టరు వేస్తే మనవాళ్ళు గిన్నెలు ఇస్తారేమో అనుకుని వస్తారు. "పాతకాలపు" కొంచెం నయం. "పురాతన" అంటే గుళ్ళకీ కోటలకీ వాడే మాట, మనిషి మీద వేస్తే నవ్వు వస్తుంది. నాకు నచ్చింది "తాతల నాటి". అందులో తాత ఉన్నాడు. ఎవరి తాత అన్న ప్రశ్న కూడా ఉంది. నా వాదన అంతా ఆ ప్రశ్న మీదే.

చీరతో సైకిలు తొక్కడం కుదరదు అని మన గుంపులో ఇద్దరు మగవాళ్ళు రాశారు. ఆడవాళ్ళు "కంఫర్టబుల్‌గా" చుడీదార్ వేసుకోవచ్చట, మగవాళ్ళు మాత్రం వింటేజ్‌లో వస్తారట. దీనికి నాకు కోపం వచ్చింది. కారణం చెప్తాను.

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కలెక్టరు షీలా రాణి చుంకత్. ఆవిడ చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పించడం కూడా ఉద్యమంలో పెట్టారు. వేల మంది నేర్చుకున్నారు. పొలం పనివాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, టీచర్లు. అందరూ చీరల్లో, ఓణీల్లో తొక్కారు. పి. సాయినాథ్ దీని గురించి రాశారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళు తీసుకున్నారు. కొందరికి అదే నచ్చింది, ముందు బార్ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కాబట్టి! చీరతో కుదరదు అనేవాళ్ళు ఆ ఆడవాళ్ళను అడగాలి.

ఇంగ్లండ్‌లో కూడా ఈ గొడవ జరిగింది. 1898లో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ సైకిలు మీద సర్రే జిల్లాలోని ఆకమ్ ఊళ్ళో ఒక హోటలుకు వెళ్ళింది. గౌను కాకుండా మోకాలి కింద ముడేసిన వదులు నిక్కరు వేసుకుంది. హోటలు యజమానురాలు ఆవిడను కాఫీ గదిలో కూర్చోనివ్వలేదు. కేసు కోర్టుకు వెళ్ళింది, ఓడిపోయారు. అంటే అక్కడ బట్ట మార్చినందుకు ఆడదాన్ని బయట కూర్చోమన్నారు. ఇక్కడ బట్ట మార్చకపోతే సైకిలు వద్దంటున్నారు. ఏ ఊళ్ళో అయినా చివరికి దిగాల్సింది ఆడదే.

సికింద్రాబాద్‌లో నా చిన్నప్పుడు అద్దె సైకిళ్ళ కొట్టు ఉండేది. గంటకు ఇంత అని డబ్బు కట్టి, పేరు రాయించి తీసుకోవాలి. నేను ఫ్రాకు వేసుకున్నన్నాళ్ళు అక్కడ సైకిలు తీసుకుని కైంచీ తొక్కాను. (కైంచీ అంటే ఉర్దూలో కత్తెర. సీటు అందని పిల్లలు బార్ కింద నుంచి కాలు అవతలకు పెట్టి తొక్కుతారు, అది కైంచీ తొక్కుడు. కోస్తా వైపు నుంచి వచ్చిన స్నేహితురాలు దీన్నే "దొంగ తొక్కుడు" అంటుంది. రెండు మాటలూ నేర్చుకోండి, రెండూ బంగారం.) తర్వాత లంగా ఓణీ వచ్చింది. సైకిలు పోయింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఓణీ వేశారు, అంతే. నా తమ్ముడు మాత్రం కైంచీ నుంచి బార్ మీదకి, బార్ నుంచి సీటు మీదకి ఎక్కాడు. అందుకే చీర కట్టుకున్న ఆడవాళ్ళు ఈ యాత్రలో ముందు వరసలో ఉండాలని నేను అడుగుతున్నాను.

ఎలా కట్టుకోవాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది గాలి మాటలతో అయ్యే పని కాదు. గొలుసు సైకిలుకి కుడివైపు ఉంటుంది. చీర కుచ్చిళ్ళయినా పంచె అంచయినా పట్టుకునేది అదే. పాత నల్ల సైకిళ్ళకు గొలుసు మొత్తం మూసే రేకు డబ్బా ఉండేది. ఇప్పటి గేరు సైకిళ్ళకు అది లేదు. కాబట్టి గొలుసు కవరు ఉన్న సైకిలు వెతుక్కోండి. వెనక చక్రం పక్కన వల లాంటిది కట్టించుకోండి. ఇండియాలో మోటార్ సైకిళ్ళకు దాన్ని సారీ గార్డ్ అంటారు, రూలు ప్రకారం ఉండాలి కూడా. కాసె పోసి కట్టిన తొమ్మిది గజాల చీర అయితే ఇంకా మంచిది. కాసె అంటే కుచ్చిళ్ళను కాళ్ళ మధ్య నుంచి తీసి వెనక దోపడం. తెలంగాణలో పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు కట్టే గోచీ చీర అదే. ప్యాంటు లాగా రెండు కాళ్ళకీ స్వేచ్ఛ. ఆరు గజాల చీర అయితే చీలమండ పైకి కట్టి, కుచ్చిళ్ళకు లోపల నుంచి పిన్ను పెట్టి, పైట నడుముకు బిగించాలి. మగవాళ్ళు కండువాను భుజం మీద వదలకండి. నర్తకి ఇసడోరా డంకన్ 1927లో నీస్ ఊళ్ళో మెడ గుడ్డ కారు చక్రంలో పడి చనిపోయింది. కండువా ఫోటోలో బాగుంటుంది, కాబట్టి ఫోటో దగ్గర తీయండి, మళ్ళీ నడుముకు కట్టండి.

తలపాగా గురించి అడుగుతున్నారు. కుదరదు. ఈ దేశంలో సైకిలు మీద హెల్మెట్ పెట్టుకోవాలి, మెరిసే జాకెట్ వేసుకోవాలి. చట్టం. పంచె మీద ఆ పచ్చ జాకెట్ చూడ్డానికి బాగుండదు అని ఒకరు బాధపడ్డారు. లండన్‌వాళ్ళ ఫోటోలతో పోల్చుకుంటే బాగుండదు నిజమే. మనం ఉన్నది అల్ ఐన్‌లో, ఈ సంవత్సరంలో. ఆ జాకెట్ ఈ ఊరి బట్ట. ఎలాగో చెప్తాను.

అల్ ఐన్‌లో సైకిలు మీద ఎవరు తిరుగుతారు? పొద్దున ఆరింటికి రోడ్డు మీద చూడండి. తోటపని వాళ్ళు, గ్యారేజీ వాళ్ళు, కిరాణా నుంచి నీళ్ళ డబ్బా తెచ్చేవాళ్ళు. బెంగాలీలు, పఠాన్లు, మలయాళీలు, మన జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. వాళ్ళకు సైకిలు వింటేజ్ కాదు. నిన్న తొక్కారు, ఇవాళ తొక్కుతున్నారు. మన నాన్నల దగ్గర ఉన్న హీరో, అట్లాస్, హెర్క్యులిస్ లాంటివే వాళ్ళవి కూడా, ఒక స్టాండు, ఒక కారియర్, ఒక బెల్లు. అట్లాస్ కంపెనీ 1951లో సోనీపత్‌లో మొదలైంది. దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినం. సైకిలు పోయింది అని అప్పుడు మనవాళ్ళందరూ ఫేస్‌బుక్‌లో బాధగా రాశారు. సైకిలు ఎక్కడికీ పోలేదు. మనం దిగాం, అంతే.

అందుకే "విలేజ్ థీమ్" నాకు పడదు. ప్లాన్‌లో రాసింది చదివాను. మోకాళ్ళ దాకా మడిచిన పంచె, తలకు తువ్వాలు, భుజాన నాగలి బొమ్మ, పాల క్యాన్లు. పాలవాడి వేషానికి, పోస్ట్‌మాన్ వేషానికి బహుమతులు. మనం తలకు తువ్వాలు చుట్టి రైతు వేషం వేసి ఖర్జూరం తోటలోకి వెళ్తే, గోడ అవతల నిజంగా తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి నిజంగా చెట్టు ఎక్కి పని చేస్తుంటాడు. అతను మనల్ని చూస్తాడు. అతని బట్ట మనకు వేషం అని అతనికి అర్థం అవుతుంది. భాష అక్కర్లేదు అది అర్థం కావడానికి. అతను మన కరీంనగర్ వాడే అయితే భాష కూడా అర్థం అవుతుంది, ఇంకా ఘోరం.

మీ ఇంట్లో ఉన్న బట్ట కట్టుకోండి అని నా మాట. అమ్మమ్మ చీర ఉంటే అది. నాన్నగారి లాల్చీ ఉంటే అది. లేకపోతే ఎవరు నేశారో తెలిసిన బట్ట: పోచంపల్లి, మంగళగిరి, పొందూరు. పొందూరు ఖాదీలో పత్తిని ఒక రకం చేప దవడ ఎముకతో దువ్వుతారు, తెలుసా? వాలుగ చేప. ట్వీడ్ గురించి ఎంత కథ ఉందో దీని గురించీ అంత ఉంది. హారిస్ ట్వీడ్‌ను కాపాడడానికి బ్రిటన్‌లో 1993లో ఒక చట్టమే చేశారు. ఆ దీవుల్లో, ఇంటి దగ్గర, చేత్తో నేస్తేనే ఆ పేరు. పోచంపల్లి ఇక్కత్‌కి మనకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఎవరి తాతది రైతు పంచె అయితే అతను గర్వంగా ఆ పంచె కట్టుకోవచ్చు. అది వేషం కాదు, వారసత్వం. తేడా చిన్నదే, కానీ కట్టుకున్నవాడికి తెలుస్తుంది. ఇంకొకటి. ఇక్కడివాళ్ళ కందూరా ఎవరూ సరదాకు వేసుకోవద్దు. అది వాళ్ళ తాతల నాటిది, వాళ్ళ ఇవాళ్టిది కూడా.

ఇక రోజు. ప్లాన్‌లో శనివారం అని ఉంది. 2022 నుంచి ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం రోజు. ఆఫీసు వాళ్ళకు శనివారం హాయి. కానీ పనివాళ్ళలో చాలామందికి వారానికి ఒక్క రోజే సెలవు, ఎక్కువగా ఆదివారం. శనివారం పెడితే సైకిలు బాగా తొక్కగలిగిన తెలుగువాళ్ళు ఒక్కరూ రారు. ఆదివారం పెట్టండి. ఆదివారం నాకు అబూ మురేఖా మందిరంలో సేవ ఉంటుంది, అంత దూరం వెళ్ళి రావడంతో రోజు అయిపోతుంది. ఆ ఒక్క వారం నేను మానుకుంటాను. వాళ్ళను పిలవాలి. సైకిళ్ళు బాగుచేసే పనికి కాదు, మనతో పాటు తొక్కడానికి. పంచరు వేయడం వాళ్ళే మనకు నేర్పుతారు, అది వేరే విషయం.

దారి గురించి గొడవ లేదు, అందరం అల్ ఐన్ ఒయాసిస్ అనే అంటున్నాం. చూడని వాళ్ళకు రెండు మాటలు. 1,200 హెక్టార్లు, లక్షా నలభై ఏడు వేల ఖర్జూరం చెట్లు అని లెక్క చెప్తారు. 2011లో యునెస్కో ఈ ఊరి ఒయాసిస్సులను, హఫీత్, హిలి పాత సమాధులను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. లోపల సన్నని దారులు, రెండు వైపులా గోడలు, పైన నీడ. పక్కన ఫలజ్ పారుతుంటుంది. ఫలజ్ అంటే కొండ వైపు నుంచి భూమి లోపల తవ్వి తెచ్చిన కాలువ. నీళ్ళను వంతుల ప్రకారం, ఇంతసేపు ఈ తోటకు, ఇంతసేపు ఆ తోటకు అని పంచుతారు. మన పల్లెల్లో చెరువు నీటికి వంతు పెట్టినట్టే. అల్ ఐన్ అనే మాటకు అరబ్బీలో కన్ను అనీ ఊట అనీ రెండు అర్థాలు. తెలుగులో కూడా కంట్లో నీరు ఊరుతుంది, భూమిలో నీరు ఊరుతుంది. ఈ రెండు భాషలు ఎక్కడ కలిశాయో అని నేను ఒక సాయంత్రం అంతా ఆలోచించాను.

దారి సన్నగా ఉంటుంది కాబట్టి ఒకే గుంపుగా వద్దు. ఎనిమిది మంది, పది మంది చొప్పున విడిచి పెట్టాలి. గుడిలో పండగ రోజు క్యూ దగ్గర నిలబడే వాళ్ళకు ఇది తెలుసు. రెండు వందల మందిని ఒకేసారి వదిలితే ఇద్దరికి కూడా దర్శనం బాగా అవదు. తోటల వాళ్ళ పికప్ బండి వస్తే దిగి గోడకు ఆనుకోవాలి. అక్కడికి వచ్చే స్థానిక కుటుంబాల ఫోటోలు అడగకుండా తీయకూడదు. రంజాన్ ఇప్పుడు చలికాలంలో వస్తోంది, ఆ నెల వదిలేయాలి. పగలు మనం టీ తాగుతూ కూర్చోవడం బాగుండదు. గుంపుగా చేసే కార్యక్రమానికి అనుమతి ముందే అడగాలి. చందాలు మాత్రం వద్దు. ఈ దేశంలో లైసెన్సు ఉన్న సంస్థలే విరాళాలు తీసుకోవాలి. ఎవరి సైకిలు అద్దె వాళ్ళది, ఎవరి పులిహోర వాళ్ళది. పులిహోర అందరికీ నేను తెస్తాను, అది చందా కిందికి రాదు అనుకుంటున్నాను.

చివరిగా ఒక జాగ్రత్త, నవ్వకండి. పసుపు రంగు చీర, పసుపు చొక్కా ఆ రోజు వద్దు. మామూలుగా పసుపు మంగళకరం. కానీ తెలుగువాడు పసుపు బట్టతో సైకిలు ఎక్కి ఫోటో పెడితే, ఊళ్ళో ఉన్న బావగారు దాన్ని 1982లో పుట్టిన ఒక పార్టీ ప్రచారం అనుకుంటారు. ఆ తర్వాత గుంపులో రెండు రోజులు సైకిలు మాట ఉండదు, ఎన్నికల మాటే ఉంటుంది.

వచ్చే ఆదివారం లోపల అభిప్రాయం చెప్పండి. గాలి కొట్టే పంపు ఎవరి దగ్గర ఉందో కూడా చెప్పండి. నా దగ్గర ఉన్నదానికి వాషరు పోయింది. స్పోక్‌ను మీ ఇంట్లో ఏమనేవాళ్ళు? మా ఇంట్లో ఊచ అనేవాళ్ళు, పక్కింట్లో పుల్ల అనేవాళ్ళు.